మంచు మీద పడినప్పుడు పడేది పాత్రా, ఆటగాడా?

బురుజు నీడ (కర్నూలు) ప్రశ్న:

అందరికీ నమస్కారం. చాలా కాలంగా మనసులో మెదులుతున్న ఒక ప్రశ్నను మీ ముందు ఉంచుతున్నాను. ప్రశ్న చిన్నదే అయినా, దాని వెనుక నేను చూసినవాటిని కొంత వివరంగా చెప్పకపోతే అది అర్థం కాదు కాబట్టి ఓపికగా చదవమని కోరుతున్నాను.

2018 ఫిబ్రవరిలో ప్యాంగ్‌చాంగ్ ఒలింపిక్స్ జరుగుతున్నప్పుడు నేను మొదటిసారి పురుషుల ఫిగర్ స్కేటింగ్ చూశాను. జపాన్‌కు చెందిన యుజురు హన్యు ఆ రోజు అబె నో సెయిమెయి అనే పదో శతాబ్దపు జ్యోతిష్కుడి పాత్రలో మంచు మీదికి వచ్చాడు. మూడు నెలల ముందే సాధనలో అతని చీలమండ దెబ్బతిన్నదని అప్పటికి నాకు తెలియదు. రెండు వేళ్లను ముద్రలా పట్టి అతను నిలబడిన క్షణంలో, అక్కడ ఉన్నది ఇరవై మూడేళ్ల ఆటగాడన్న సంగతి నేను పూర్తిగా మరిచిపోయాను. వేసవిలో నలభై డిగ్రీలు దాటే ఊళ్లో పుట్టి, గడ్డకట్టిన చెరువును ఒక్కసారి కూడా చూడని నాకు ఆ మంచు మీది ఆట అంత దగ్గరగా ఎలా తోచిందో ఇప్పటికీ చెప్పలేను.

ఆ తరువాత కొన్ని వారాలకు ‘యూరి ఆన్ ఐస్’ అనే పన్నెండు భాగాల జపాన్ యానిమే (యానిమేషన్ ధారావాహిక) చూశాను. అది 2016 చివరి మూడు నెలల్లో ప్రసారమైంది. అందులోని స్కేటర్ కత్సుకి యూరికి కూడా ఇరవై మూడేళ్లే. గ్రాండ్ ప్రి ఫైనల్‌లో ఆరుగురిలో ఆరోవాడిగా మిగిలి, సముద్రతీరంలోని సొంత ఊరికి, తల్లిదండ్రులు నడిపే వేడినీటి బుగ్గల సత్రానికి తిరిగి వస్తాడు. కాళ్లలో కళ ఉంది, గుండెలో ధైర్యం లేదు. అతన్ని చూస్తున్నంతసేపూ, పరీక్ష హాలులో ప్రశ్నపత్రం తిరగేసే ముందు చేతులు చల్లబడిపోయే నా చిన్ననాటి నేనే కనిపించాను. ఏడో భాగంలో చైనా పోటీలో అతను ప్రదర్శన చివరన, ఎవరికీ చెప్పకుండా, తన కోచ్ విక్టర్‌కు పేరు తెచ్చిన క్వాడ్ ఫ్లిప్‌ను ప్రయత్నిస్తాడు. గాలిలో నాలుగు చుట్లు పూర్తవుతాయి గాని దిగేటప్పుడు పడిపోతాడు. నేను ఆ ఒక్క దృశ్యాన్ని ఎన్నిసార్లు చూశానో లెక్క లేదు. ఆ పడటంలోనే అతను మొదటిసారి నిటారుగా నిలబడినట్టు నాకు అనిపిస్తుంది.

ఇక 2022 బీజింగ్. హన్యు ఈసారి పదహారో శతాబ్దపు యుద్ధనాయకుడు ఉయెసుగి కెన్షిన్ పాత్రను ఎంచుకున్నాడు. మొదటి ప్రదర్శన అయిన షార్ట్ ప్రోగ్రామ్‌లో బ్లేడు మంచులోని గుంతలో పడి జంప్ చెదిరిపోవడంతో ఎనిమిదో స్థానంలో ఉన్నాడు. రెండో, పొడవైన ప్రదర్శన అయిన ఫ్రీ స్కేట్‌లో మొదటి జంప్‌గా, అంతవరకు పోటీల్లో ఎవరూ నిలబెట్టని క్వాడ్ ఆక్సెల్ (నాలుగున్నర చుట్ల జంప్) ప్రయత్నించి పడ్డాడు. వెంటనే రెండో జంప్ అయిన క్వాడ్ సాల్కావ్‌లోనూ పడ్డాడు. చివరికి నాలుగో స్థానం దక్కింది. అయితే ఆ రెండు పతనాల తరువాత నాకు కెన్షిన్ మరింత స్పష్టంగా కనిపించాడు. గెలుపోటములకు అవతల ఏదో వెతుక్కుంటున్న ఒక యోధుడు రణభూమిలో రెండుసార్లు నేలకు ఒరిగి లేచాడనే నా మనసు నమ్మింది.

ఇదే మాట మా తమ్ముడితో అంటే అతను ఒప్పుకోలేదు. “అక్కా, అది ఆట, నాటకం కాదు. పడితే మార్కులు పోతాయి, అంతే. మిగతాదంతా నీ అభిమానం అల్లుకున్న కథ” అన్నాడు. అతని మాటలో నిజం లేదని అనలేను, ఎందుకంటే వేరే ఎందరో పడినప్పుడు పాత్ర ఒక్కసారిగా ఆవిరైపోయి, దుస్తులు మాత్రమే మిగిలిన అనుభవం కూడా నాకుంది.

కాబట్టి నా ప్రశ్న ఇది: ఒకే రకమైన పడటం ఒకచోట పాత్రను పెద్దది చేస్తుంది, మరొకచోట పాత్రను తరిమేస్తుంది. ఈ తేడా ఎక్కడ పుడుతుంది? ఆటగాడిలోనా, పాత్రలోనా, చూసే మనలోనా?

తెర వెనుక దీపం (ధర్మవరం) సమాధానం:

బురుజు నీడ గారూ, మీ ప్రశ్న చదివి రెండు రోజులు ఆలోచించి రాస్తున్నాను. మీ తమ్ముడి పక్షం నేను తీసుకోను. అయితే మీరు పోల్చిన ఇద్దరూ ఒక తరగతికి చెందినవారు కారని మాత్రం గట్టిగా చెప్పదలచుకున్నాను.

మా అమ్మమ్మగారి ఊరు నిమ్మలకుంటకు దగ్గర. ఆ ఊరి తోలుబొమ్మలాట గురించి మన జిల్లాల్లో తెలియనివారు ఉండరు. మేక చర్మాన్ని పలచగా గీకి, రంగులు అద్ది, కీళ్ల దగ్గర ముడివేసిన రావణుడి బొమ్మ తెర మీద నిలబడితే నా వయసు పిల్లలం వెనక్కి జరిగి కూర్చునేవాళ్లం. ఆ ఆటలో ఆడించేవాడు తెర వెనుక ఉంటాడు. అతనే పాడతాడు, యుద్ధం వచ్చినప్పుడు కాళ్ల కింది చెక్కలను తొక్కి చప్పుడు చేస్తాడు. చెయ్యి జారి బొమ్మ పక్కకు వాలినా అతని గొంతు రావణుడి గొంతుగానే సాగుతుంది. మరీ చిక్కు వస్తే హాస్యపు బొమ్మలైన కేతిగాడో బంగారక్కో తెర మీదికి వచ్చి, చక్కదిద్దుకునేంత వ్యవధి ఇస్తారు. బొమ్మకూ ఆడించేవాడికీ మధ్య దూరం ఉంది కాబట్టి ఒకరి పొరపాటును మరొకరు దాచగలరు.

స్కేటింగ్‌లో ఆ దూరం లేదు. బొమ్మా ఆడించేవాడూ ఒకే ఒంట్లో ఉంటారు. పడినప్పుడు ఆడించేవాడు తెర చించుకుని ముందుకు వచ్చేస్తాడు, అప్పుడు మనకు కనిపించేది అతని ముఖం, అతని నొప్పి, అతని నాలుగేళ్ల శ్రమ. దాన్ని దాచడానికి గొంతు లేదు, కేతిగాడు లేడు, సంగీతం ఆగదు. కాబట్టి పడిన మరుక్షణం పాత్ర వెళ్లిపోవడమే సహజమని నేను అనుకుంటాను. అది నిలిచినచోటనే మనం కారణం వెతకాలి.

ఇప్పుడు కత్సుకి సంగతి చూడండి. అతను స్కేటింగ్ చేసే పాత్ర. హన్యు కెన్షిన్ విషయంలోనైతే పాత్రను స్కేటర్ తొడుక్కున్నాడు. కత్సుకి పడినప్పుడు తెర చించుకుని రావడానికి వెనుక ఇంకో మనిషి లేడు, తెర వెనుక కూడా కత్సుకియే ఉన్నాడు. కాబట్టి అతను ఎన్నిసార్లు పడినా అది కథలో భాగమే అవుతుంది. మీరు దాన్ని అన్నిసార్లు చూసినందుకు నేను ఆశ్చర్యపోను, ఆ దృశ్యానికి నేను ఏడ్చాను. కానీ ఆ దృశ్యంతో హన్యు పతనాన్ని కొలవడం న్యాయం కాదు.

సరిగ్గా పోల్చదగినది అదే కథలో ఇంకొకటి ఉంది. షార్ట్ ప్రోగ్రామ్‌లో కత్సుకి ఒక చిన్న కథను అభినయించాలి. ఊరికి వచ్చిన ఒక విలాసపురుషుడు, అతన్ని ఆకర్షించే ఒక అందగత్తె. మొదట తనను ఆ పురుషుడిగా ఊహించుకుని కత్సుకి విఫలమవుతాడు, తాను ఆ స్త్రీగా మారితే తప్ప అది తనకు పలకదని తెలుసుకుంటాడు. అక్కడ పాత్ర లోపల మరో పాత్ర ఉంది. అక్కడ కాలు తడబడితే తడబడేది ఆ స్త్రీయా, కత్సుకియా? మీ ప్రశ్నకు సమాధానం దొరికితే అక్కడ దొరకాలని నా నమ్మకం.

నాలుగు చక్రాలు (కర్నూలు) సమాధానం:

నమస్కారం మేడమ్. నేను మన ఊళ్లోనే పిల్లలకు రోలర్ స్కేటింగ్ నేర్పుతాను. మా దగ్గర మంచు లేదు, సిమెంటు నేల ఉంది. అయితే ఆర్టిస్టిక్ రోలర్ స్కేటింగ్‌లోనూ జంప్‌ల పేర్లు అవే, చుట్లు అవే, పాత్రలు తొడుక్కోవడమూ అదే. 2010 గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మన హైదరాబాద్ కుర్రాడు అనూప్ కుమార్ యామా ఈ విభాగంలోనే కాంస్యం తెచ్చాడు. ఆ వార్త చదివిన రోజు నేను ఎంత పొంగిపోయానో ఇప్పటికీ గుర్తుంది.

మీరు అడిగినదానికి నేను నేర్పేవాడి కోణంలో చెబుతాను. ముందుగా లెక్క. ఇప్పటి నియమాల ప్రకారం క్వాడ్ ఫ్లిప్‌కు మూల విలువ 11 పాయింట్లు. చుట్లు పూర్తయి పడిపోతే న్యాయనిర్ణేతలు అట్టడుగు గ్రేడు ఇస్తారు, దానితో సగం పోయి 5.50 మిగులుతుంది, పడినందుకు విడిగా మరో పాయింటు కోత. అంటే చేతికి వచ్చేది 4.50. శుభ్రంగా చేసిన ట్రిపుల్ ఫ్లిప్‌కే 5.30 వస్తుంది. కానీ కత్సుకి పడిన కాలంలో, అంటే 2016లో, లెక్క వేరు. అప్పుడు క్వాడ్ ఫ్లిప్ మూల విలువ 12.30, పడితే పోయేది 4, ఆపైన ఒక పాయింటు కోత. 7.30 మిగిలేది. పైగా ప్రదర్శన రెండో సగంలో చేసిన జంప్‌కు మూల విలువలో పదో వంతు అదనంగా కలిసేది. కాబట్టి ఆ కుర్రాడు భావావేశంతో దూకాడని అందరూ అంటారు గాని, పడినా నష్టం లేని దూకుడు అది. నిజం పోటీల్లో ఆ జంప్‌ను మొదటిసారి షోమా యునో నిలబెట్టింది కూడా అదే ఏడాది ఏప్రిల్‌లోనే. ఆ కథ రాసినవారికి ఆట తెలుసు. నిజమైన నృత్యరూపకర్త కెంజి మియమొతో ఆ ప్రదర్శనలన్నిటినీ కూర్చాడు కాబట్టి పాదం కదలికల్లో ఎక్కడా అబద్ధం కనిపించదు.

ఇక పాత్ర సంగతి. పాత్ర ఉండేది జంప్‌లో కాదని నా అనుభవం చెబుతోంది. గాలిలో ఉన్న ఆ ముప్పావు సెకను కూడా లేని వ్యవధిలో ఎవరైనా ఒకేలా ఉంటారు, చేతులు ఛాతీకి బిగించి, కాళ్లు మెలివేసి, కళ్లు మూసుకున్నంత పనిచేస్తారు. కెన్షిన్ అయినా, సంగీతరూపకపు నాయిక కార్మెన్ అయినా గాలిలో అందరిదీ ఒకే ఆకారం. పాత్ర బతికేది జంప్‌కూ జంప్‌కూ నడుమ, మోకాలి వంపులో, బ్లేడు లోపలి అంచు నుంచి బయటి అంచుకు మారే తీరులో, చూపులో. పడినవాడికి లేవడానికి రెండు మూడు సెకన్లు పడుతుంది, ఆ పోయిన సెకన్లను రాబట్టుకోవడానికి అతను మొదట వదిలేసేది ఆ నడుమ కదలికలనే. అందుకే పాత్రను తరిమేది పడటం కాదు, పడిన తరువాతి పది సెకన్ల తొందర. బీజింగ్‌లో హన్యు మొదటి రెండు జంప్‌లలోనే పడ్డాడు. ఆ తరువాత అతనికి మూడు నిమిషాలకు పైగా మిగిలింది, ఆ మూడు నిమిషాల్లో ఒక్క కదలికనూ అతను మింగెయ్యలేదు. ఈసారి చూసినప్పుడు గమనించండి.

ఒక అనుభవం చెప్పి ముగిస్తాను. రెండేళ్ల క్రితం నా దగ్గర నేర్చుకునే పదకొండేళ్ల పాప సత్యభామ పాత్రతో పోటీకి దిగింది. పొడవైన జడ, జడ చివర కుప్పెలు. మంచు మీది పోటీల్లో దుస్తుల్లో ఏ ముక్క ఊడిపడినా పాయింటు కోస్తారని నాకు తెలుసు కాబట్టి, ఆ జడను నేనే దారంతో కుట్టి బిగించాను. ఆక్సెల్ అంటే ముఖం ముందుకు పెట్టి ఎగరాల్సిన ఏకైక జంప్. అక్కడ పాప పడింది. మోకాలు చెక్కుకుపోయింది. నేను గోడ పక్కన ఊపిరి బిగపట్టి చూస్తున్నాను. ఆమె వెంటనే లేవలేదు. కూర్చున్నచోటనే జడను ముందుకు లాక్కుని, గడ్డం ఎత్తి, ముఖం పక్కకు తిప్పుకుంది. ఒక్క తాళం పాటు. ఆ తరువాత లేచి సాగిపోయింది. చూసేవాళ్లంతా అది అలక అనుకున్నారు, ముందే కూర్చిన కదలిక అనుకుని చప్పట్లు కొట్టారు. మార్కులు మాత్రం పోవాల్సినన్నీ పోయాయి. ఇంటికి వెళ్లేటప్పుడు “సార్, మళ్లీ పడితే మళ్లీ అలాగే చేస్తాను” అంది. అలా అనుకోవద్దని గట్టిగా చెప్పాను. పడటానికి ముందే సిద్ధపడిన కాలు ఎగరదు.

పెన్న ఒడ్డున (ప్రొద్దుటూరు, కడప జిల్లా) సమాధానం:

అమ్మా, నేను ముప్పై ఏళ్లు తెలుగు పాఠాలు చెప్పి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ని. స్కేటింగ్ గురించి నాకు తెలిసినది మా మనవరాలు కూర్చోబెట్టి చూపించినంతే. అయినా పాత్ర అన్నది నా జీవితమంతా పెనవేసుకున్న విషయం కాబట్టి రెండు మాటలు రాస్తున్నాను.

1885లో మా జిల్లాలోని సురభి గ్రామంలో వనారస గోవిందరావుగారు ‘కీచకవధ’ ఆడించారు. సురభి నాటకానికి అది పుట్టిన రోజు. మా తాతగారి తరం వారికి నాటకమంటే రాత్రంతా మేలుకోవడం. నా బాల్యంలో పద్యనాటకాలు చూసిన రాత్రుల్లో నాకు వింతగా తోచిన సంగతి ఒకటుంది. కాటి సీనులో హరిశ్చంద్రుడు గుండెలు పగిలేలా పద్యం పాడతాడు. పద్యం ముగియగానే జనం “వన్స్ మోర్” అని కేకలు వేస్తారు. నటుడు జనం వైపు తిరిగి, చేతులు జోడించి, హార్మోనియం వైపు ఒకసారి చూసి, అదే పద్యాన్ని మళ్లీ ఎత్తుకుంటాడు. నమస్కారం పెట్టినంతసేపు అతను హరిశ్చంద్రుడు కాడు. మా ఊరికి రైల్లో వచ్చిన నటుడు. రాగం ఎత్తుకున్న మరుక్షణం మళ్లీ కాటికాపరి. ఆడవాళ్లు కొంగుతో మళ్లీ కళ్లు తుడుచుకుంటారు. పాత్ర మధ్యలో లేచి వెళ్లి తిరిగి వచ్చిందని ఎవరికీ బాధ లేదు. ఎందుకు లేదు? పాత్ర కూర్చునే పీటను మేము తీసెయ్యలేదు. అది ఖాళీగా ఉన్నా అలాగే ఉంచాము.

ధర్మవరం నాయనా, నీ బొమ్మలాట పోలిక నాకెంతో నచ్చింది. కానీ ఆడించేవాడు బయటికి రాగానే పాత్ర పోవడం సహజమన్న నీ మాటకు మా పద్యనాటకం ఒప్పుకోదు.

నాలుగు చక్రాలు గారి మాటకు కూడా నాదొక చిన్న అభ్యంతరం ఉంది. 1988 కాల్గరీ ఒలింపిక్స్ వీడియో మా మనవరాలు చూపించింది. తూర్పు జర్మనీకి చెందిన కాటరీనా విట్, అమెరికాకు చెందిన డెబీ థామస్, ఇద్దరూ ఫ్రీ స్కేట్‌కు కార్మెన్ సంగీతాన్నే ఎంచుకున్నారు. కార్మెన్ 1845 నాటి ఫ్రెంచి కథలో పుట్టి, 1875లో బిజే సంగీతరూపకంతో లోకమంతా తిరిగిన స్పానిష్ జిప్సీ యువతి. ప్రేమించినవాడి కత్తికి బలైనా లొంగనిది. విట్ తన ప్రదర్శన చివర మంచు మీద ఒరిగి కార్మెన్‌లా చనిపోయింది. ఆ ఒరగడం ముందే కూర్చుకున్న పతనం. థామస్ మొదట్లోనే జంటగా చేయాల్సిన రెండు ట్రిపుల్ జంప్‌లలో రెండోదాన్ని రెండు పాదాల మీద దిగింది. గమనించు, అక్కడ ఆమె పడలేదు. పెద్ద తొందర కూడా నాకు కనిపించలేదు. అయినా ఆ క్షణం నుంచి ఆమె కళ్లలో కార్మెన్ లేదు. మిగిలిన నిమిషాలన్నీ ఒక మంచి అమ్మాయి తన పని పూర్తిచేస్తున్నట్టు సాగాయి. విట్‌కు స్వర్ణం, థామస్‌కు కాంస్యం. ఏ కార్మెన్ వేషమూ వెయ్యకుండా ఆ రాత్రి అందరికంటే ఉత్సాహంగా ఆడిన ఎలిజబెత్ మాన్లీ సొంత దేశమైన కెనడా జనం మధ్య రజతం గెలిచింది.

మన శాస్త్రకారులు అభినయాన్ని ఆంగికం, వాచికం, ఆహార్యం, సాత్త్వికం అని నాలుగుగా చెప్పారు. మంచు మీద వాచికం లేదు. దుస్తులు ఆహార్యం, కదలిక ఆంగికం. పడినప్పుడు దెబ్బతినేది ఆంగికమే. సాత్త్వికం అంటే మనసు ఆ పాత్రలో నిలిచి ఉండటం. థామస్ విషయంలో ఆంగికం స్వల్పంగానే చెదిరింది, సాత్త్వికమే మొత్తం పోయింది. కర్నూలు పాప విషయంలో ఆంగికం పూర్తిగా కూలిపోయింది, సాత్త్వికం చెక్కుచెదరలేదు. ఆ బిడ్డ అలక వార్త చదివి నాకు ఈ వయసులో ఒళ్లు పులకరించింది.

బురుజు నీడ (కర్నూలు) ప్రత్యుత్తరం:

ముగ్గురికీ నా కృతజ్ఞతలు. మీ సమాధానాలు చదివాక ఆదివారం మధ్యాహ్నమంతా మళ్లీ అన్నీ చూశాను. మా తమ్ముడూ పక్కనే కూర్చున్నాడు.

నాలుగు చక్రాలు గారూ, మీరు చెప్పినట్టే బీజింగ్ ప్రదర్శనలో రెండో పతనం తరువాతి పది సెకన్లను ఆపి ఆపి చూశాను. అతను లేచిన తరువాత చేతిని పూర్తిగా చాచి, వేళ్ల చివరల దాకా ఆ కదలికను ముగించాకనే తరువాతి మలుపులోకి వెళ్లాడు. ఎక్కడా మింగలేదు. నాకు కెన్షిన్ కనిపించింది అక్కడేనని ఇప్పుడు తెలిసింది. అంతకుముందు నేను దాన్ని పతనంలో వెతుకుతున్నాను. అయితే పడినా నష్టం లేని దూకుడన్న మీ లెక్కతో కత్సుకిని చూడటానికి మాత్రం నా మనసు ఒప్పుకోవడం లేదు. లెక్క సరైనదే కావచ్చు, కానీ ఆ క్షణంలో అతనికి పాయింట్లు గుర్తులేవు. అంతకు కొద్దిసేపటి ముందే వాహనాలు నిలిపేచోట కోచ్ ముందు ఏడ్చినవాడు అతను. తన మీద తనకు లేని నమ్మకాన్ని, కోచ్‌కు పేరు తెచ్చిన జంప్‌ను తాను చేసి చూపించి, ఆ కోచ్‌నే అడుగుతున్నాడు.

పెద్దాయన గారూ, పీట తీసెయ్యకపోవడం అన్న మాట నాకు ఎంతో ఉపకరించింది. అయినా పూర్తిగా మన చేతిలోనే ఉందనుకోలేను. థామస్ ప్రదర్శనను నేనూ చూశాను. కార్మెన్ కోసం పీట వేసుకునే కూర్చున్నాను, చివరిదాకా తీయలేదు. ఆమె రాలేదు. అంటే పీట మనది, రావడం మాత్రం వారిది.

తెర వెనుక దీపం గారూ, మీరు చెప్పిన పొరలకు ఇంకొకటి చేర్చాలి. 2018లో ప్యాంగ్‌చాంగ్‌లోనే జట్ల పోటీలో మియు సుజాకి, ర్యూయిచి కిహారా అనే జపాన్ జంట ఆ యానిమేలో కత్సుకి ఫ్రీ స్కేట్ చేసిన సంగీతానికే తమ ఫ్రీ స్కేట్ చేశారు. లేని మనిషి కోసం కూర్చిన పాటను ఉన్న మనుషులు తొడుక్కున్నారు. పతకం రాలేదు, జట్టు ఐదో స్థానంలో నిలిచింది. కానీ ఆ పియానో మొదటి స్వరాలు వినిపించగానే ఆ జంట నడుమ మూడోవాడు ఒకడు మంచు మీద ఉన్నాడని నాకు అనిపించింది. అదే కిహారా తరువాత రికు మియురాతో జతకట్టి 2023లో సైతామాలో ప్రపంచ విజేత అయ్యాడు. ఆ వార్త చదివినప్పుడు నేను సంతోషించింది కిహారా కోసమే అయినా, ఆ సంతోషంలో కొంత వాటా కత్సుకికి కూడా వెళ్లింది. మీ తోలుబొమ్మల లెక్కలో ఇది ఏ పొర కిందికి వస్తుందో చెప్పండి.

మా తమ్ముడు ఇప్పటికీ ఇది ఆటేనంటున్నాడు. కాకపోతే నిన్న సాయంత్రం నేను అడగకుండానే సెయిమెయి ప్రదర్శన పెట్టుకుని ఒక్కడే చూస్తున్నాడు.

తెర వెనుక దీపం (ధర్మవరం) సమాధానం:

ఆ జంట సంగతి నాకు తెలియదు, ఇప్పుడే చూశాను. నిమ్మలకుంటలో తండ్రి ఆడించిన బొమ్మను కొడుకు ఆడిస్తాడు. చర్మం అదే, రంగులు కొంత వెలిసి ఉంటాయి, చెయ్యి మారుతుంది. కిహారా చేసినది అలాంటిదే అనుకుంటున్నాను. పెద్దాయన గారి అభ్యంతరాన్ని కూడా అంగీకరిస్తున్నాను. ఆడించేవాడు బయటికి రాగానే పాత్ర పోవాలన్న నియమం లేదు. కానీ షార్ట్ ప్రోగ్రామ్‌లోని ఆ స్త్రీ గురించి నేను అడిగిన ప్రశ్నకు ఇంకా ఎవరూ సమాధానం ఇవ్వలేదు.

బురుజు నీడ (కర్నూలు):

దానికి మళ్లీ రెండో భాగం నుంచి చూడాలి, చూసి రాస్తాను. నాలుగు చక్రాలు గారూ, ఆ పాప ఇప్పటికీ సత్యభామే వేస్తోందా?

నాలుగు చక్రాలు (కర్నూలు):

వేస్తోంది మేడమ్. ఈ ఏడు డబుల్ ఆక్సెల్ మొదలుపెట్టాము. చుట్టు తిరిగేటప్పుడు జడ బయటికి విసురుకుపోయి నడుమును లాగుతోందని, కుప్పెలు తీసేసి జానెడు తగ్గించమని వాళ్లమ్మను తానే అడిగిందట. తగ్గించిన జడతోనే ఇప్పుడు సాధన చేస్తోంది.